ఖజానా అడిగితే పేదల్ని చూపించినవాడు: పునీత లారెన్స్ కథ ఎలా పెరిగింది

రోమ్ నగరంలో క్రీ.శ. 354లో తయారైన ఒక పంచాంగంలో వేదసాక్షుల (విశ్వాసం కోసం ప్రాణాలిచ్చినవాళ్ల) సమాధులు, వారి స్మరణ తేదీల జాబితా ఉంది. అందులో ఆగస్టు 10కి ఎదురుగా రాసినది ఇంతే: లారెన్స్, తిబుర్తీనా దారిలో. ఏ చక్రవర్తి కాలంలో పోయాడో లేదు, ఎలా పోయాడో లేదు, ఏ ఊరివాడో అంతకన్నా లేదు. ఏ రోజున ఏ సమాధి దగ్గర చేరాలో తెలిస్తే చాలనుకున్నవాళ్లు రాసుకున్న జాబితా అది.

అదే లారెన్స్ గురించి ఇవాళ ఏ కతోలికుణ్ణి అడిగినా రెండు సంగతులు తడుముకోకుండా చెబుతారు. క్రైస్తవ సంఘం దగ్గరున్న సంపదంతా తెచ్చి అప్పగించమన్న అధికారి ముందు బీదాబిక్కీని వరసగా నిలబెట్టి ‘ఇదుగో మా సంపద’ అన్నాడని ఒకటి. ఇనుప చువ్వల మంచం మీద కాలుతూ ‘ఈ పక్క కాలింది, ఇక తిప్పండి’ అన్నాడని రెండోది. పటాల్లోనూ విగ్రహాల్లోనూ రెండోదే కనిపిస్తుంది, చేతిలో ఆ చువ్వల మంచం లేకపోతే లారెన్స్‌ని ఎవరూ గుర్తుపట్టరు. కానీ ఈ కథ ఎక్కడ పుట్టి ఎలా పెరిగిందో చూసుకుంటూ వస్తే, దాన్ని పదిహేడు వందల ఏళ్లుగా మోస్తున్నది మంట కాదని, డబ్బు గొడవేనని తేలుతుంది.

ముందు గట్టిగా చెప్పగలిగినవి చూద్దాం. వలేరియన్ చక్రవర్తి 257లో మొదటి ఉత్తర్వు ఇచ్చాడు. క్రైస్తవ గురువులు రోమన్ దేవతల ఆచారాలు పాటించాలి, క్రైస్తవులు సమావేశం కాకూడదు, తమ శ్మశానాల్లోకి అడుగు పెట్టకూడదు. మరుసటి ఏడాది రెండో ఉత్తర్వు వచ్చింది, ఇది చాలా కఠినం. దాని సారాంశం మనకు దక్కింది ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ బిషప్ సిప్రియన్ రాసిన ఉత్తరం వల్ల. రోమ్‌లో ఏం జరుగుతోందో కనుక్కురమ్మని ఆయన మనుషుల్ని పంపించాడు. వాళ్లు తెచ్చిన కబురునే తోటి బిషప్‌కి రాశాడు. బిషప్‌లు, గురువులు, డీకన్లు దొరికితే వెంటనే మరణశిక్ష. సెనేట్ సభ్యులు, ఉన్నత కుటుంబీకులు హోదాలూ ఆస్తులూ పోగొట్టుకోవాలి, అప్పటికీ వినకపోతే ప్రాణాలు పోతాయి. పెద్దింటి స్త్రీలకు ఆస్తి జప్తు, దేశ బహిష్కారం. రాజమందిరం సిబ్బందికి ఆస్తి జప్తు, ఆపైన సంకెళ్లు వేసి రాచ కమతాల్లో చాకిరీ. ఆగస్టు 6న పోప్ సిక్స్టస్‌ని శ్మశానంలోనే చంపేశారని, ఆయనతో పాటు నలుగురు డీకన్లు పోయారని కూడా అదే ఉత్తరం చెబుతోంది. నగర అధికారులు రోజూ ఇదే పనిలో ఉన్నారు, పట్టుబడినవాళ్లని శిక్షించి వాళ్ల సొమ్మును ఖజానాకి జమకడుతున్నారు అని సిప్రియన్ రాశాడు. సెప్టెంబర్ 14న ఆయన తలా తెగింది.

లారెన్స్ పేరు ఆ ఉత్తరంలో లేదు. ఆ కబురు రోమ్ నుంచి బయల్దేరే నాటికి ఆయన ఇంకా బతికే ఉన్నాడేమో. కానీ ఉత్తర్వులో వరస చూడండి. గురువుల సంగతి దాటాక ప్రతి అంతస్తు దగ్గరా ఆస్తి మాట వస్తోంది. తూర్పున పర్షియాతో యుద్ధం, ఉత్తరాన జర్మన్ తెగల దాడులు, నాణెంలో వెండి పాలు ఏటికేడు తగ్గిపోతున్న రోజులు. క్రైస్తవుల్ని వేటాడటానికి ధర్మాగ్రహం ఒక్కటే కారణమైతే ఇంత వివరంగా జప్తుల పట్టీ వేయాల్సిన పని లేదు. వలేరియన్ మాత్రం ఆ సొమ్ముతో బాగుపడింది లేదు. 260లో పర్షియా రాజు షాపూర్‌కి బందీగా చిక్కాడు. కొడుకు గాలియెనస్ హింస ఆపించి, శ్మశానాలు తిరిగి ఇప్పించాడు.

లారెన్స్ రోమ్ సంఘంలో డీకన్ అని సంప్రదాయం. ఇప్పుడు డీకన్ అంటే ఎవరు? ఈ కాలపు దేవాలయంలో డీకన్ అంటే గురుపట్టానికి ముందు మెట్టు మీద ఉన్న యువకుడు అనే ఊహ ఉంటుంది. మూడో శతాబ్దపు రోమ్‌లో సంగతి వేరు. 251లో పోప్ కొర్నేలియస్ అంతియొకయ బిషప్‌కి రాసిన ఉత్తరంలో తన సంఘం లెక్క చెప్పాడు: 46 మంది గురువులు, ఏడుగురు డీకన్లు, ఏడుగురు ఉపడీకన్లు, 42 మంది సహాయకులు, భూతవైద్యులు, చదువరులు, ద్వారపాలకులు కలిపి 52 మంది. వీళ్లు కాక సంఘం పోషిస్తున్న విధవలు, దిక్కులేనివాళ్లు 1500 మందికి పైమాటే. గురువులు 46 మంది ఉన్నా డీకన్లు ఏడుగురే ఎందుకంటే, యెరూషలేములో విధవలకు రోజూ భోజనం పంచడానికి అపొస్తలులు నియమించింది ఏడుగురినే. రోమ్ ఆ సంఖ్య దాటలేదు. నగరాన్ని ప్రాంతాలుగా విడగొట్టి డీకన్లకు అప్పగించినది పోప్ ఫేబియన్ అని పాత జాబితా ఒకటి చెబుతుంది.

పదిహేను వందల మందికి తిండి పెట్టడం మాటలు కాదు. ఆ డబ్బు ఎలా వచ్చేదో రోమ్ నుంచి కాకపోయినా కార్తేజ్ నుంచి ఒక సాక్ష్యం ఉంది. అక్కడి క్రైస్తవ రచయిత టెర్టుల్లియన్ 197 ప్రాంతంలో రాశాడు: సంఘానికి ఒక పెట్టె ఉంటుంది, నెలకోసారి ఎవరికి తోచింది వాళ్లు వేస్తారు, బలవంతం లేదు. అది విందులకు పోదు. పేదల్ని పోషించడానికి, చనిపోతే పాతిపెట్టడానికి, అనాథ పిల్లలకు, ఇల్లు కదల్లేని ముసలివాళ్లకు, ఓడ మునిగి అన్నీ పోగొట్టుకున్నవాళ్లకు, గనుల్లో శిక్ష అనుభవిస్తున్నవాళ్లకు పోతుంది. ఇలాంటి పెట్టెలు నిండటం, ఖాళీ కావడం, ఎవరికెంత ముట్టిందో చూసుకోవడం డీకన్ల పని. అంటే సంఘంలో బిషప్ తర్వాత డబ్బు ఎక్కడుందో తెలిసిన మనిషి లారెన్స్.

రోమ్ బిషప్ అయిన సిక్స్టస్‌ని ఆగస్టు 6న చంపారు. లారెన్స్ పండుగ ఆగస్టు 10. మధ్యలో ఆ కొద్ది రోజులు ఎందుకు? దొరికినవాణ్ణి దొరికినచోటే చంపమని ఉత్తర్వు ఉన్నప్పుడు ఒక డీకన్ని అన్నాళ్లు ఎందుకు బతకనిచ్చారు? లెక్కలు కక్కించడానికని ఊహించడం మరీ అసహజం కాదు. లేదూ, ఆయన దొరకడానికే అన్ని రోజులు పట్టి ఉండొచ్చు. రుజువులు లేని చోట రెండు ఊహలకూ సమాన హక్కు ఉంది. ఒకటి మాత్రం స్పష్టం: తర్వాతి రచయితలు ఈ ఖాళీనే పట్టుకున్నారు. సిక్స్టస్ వెళ్తూ వెళ్తూ ‘మూడు రోజుల్లో నువ్వూ నా వెనకే వస్తావు’ అన్నాడని, అధికారిని లారెన్స్ మూడు రోజుల గడువు అడిగాడని కథలో రెండు చోట్ల వస్తుంది. పంచాంగంలోని రెండు తేదీలను పక్కపక్కన పెడితే ఆ మూడు రోజులు వాటంతట అవే పుట్టుకొస్తాయి.

కథ పూర్తి రూపంలో మనకు మొదట కనిపించేది మిలాన్ బిషప్ ఆంబ్రోస్ దగ్గర, లారెన్స్ పోయిన 130 ఏళ్లకి. ఇక్కడ కాస్త ఆగాలి. ఎందుకంటే ఆంబ్రోస్ ఈ కథను ఊరికే చెప్పలేదు, తన మీదకి వచ్చిన ఒక నిందకి సమాధానంగా చెప్పాడు. 378లో ఆడ్రియానోపుల్ దగ్గర గోత్ అనే జర్మన్ తెగ చేతిలో రోమన్ సైన్యం చిత్తుగా ఓడింది, వాలెన్స్ చక్రవర్తి యుద్ధంలోనే పోయాడు. వేలమంది బందీలయ్యారు. డబ్బు కడితే విడిపించుకోవచ్చు. ఆంబ్రోస్ తన దేవాలయంలోని పూజాపాత్రలు పగలగొట్టించి, కరిగించి, ఆ బంగారంతో బందీల్ని విడిపించాడు. ఆయనంటే గిట్టని ఏరియన్ వర్గం (క్రీస్తు తండ్రితో సమానుడు కాడనే క్రైస్తవులు) దీన్నే పట్టుకుని పవిత్ర పాత్రలు ధ్వంసం చేశాడని గోల చేసింది. పదేళ్ల తర్వాత గురువుల నడవడి మీద పుస్తకం రాస్తూ ఆంబ్రోస్ ఈ వ్యవహారాన్ని మళ్లీ ఎత్తుకున్నాడు. సంఘానికి బంగారం ఉన్నది దాచుకోవడానికి కాదు, అవసరంలో ఉన్నవాళ్ల కోసం ఖర్చు చేయడానికి. లోహపు పాత్రల్ని కాపాడి ప్రాణమున్న పాత్రల్ని పోగొట్టుకుంటే రేపు ప్రభువుకి ఏం జవాబు చెబుతాం? ఈ వాదనకి దన్నుగా తెచ్చి నిలబెట్టిన సాక్షి లారెన్స్. సంపద చూపించమంటే పేదల్ని చూపించాడు, అంతకన్నా విలువైన ఖజానా క్రీస్తుకి ఏముంటుంది అని.

అంటే తలారి ముందు నిలబడిన లారెన్స్ కంటే, పాత్రలు కరిగించిన బిషప్ తరఫున సాక్ష్యం చెప్పే లారెన్స్ మనకు ముందు పరిచయమవుతున్నాడు. ఆంబ్రోస్ ఈ కథ కల్పించాడని అనలేం. తన చదువరులకు అప్పటికే తెలిసిన కథను గుర్తు చేస్తున్నట్టే రాశాడు. కానీ ఏ కథ ఎప్పుడు ఎవరికి పనికొస్తుందన్నదే దాని బతుకును నిర్ణయిస్తుంది. అదే పుస్తకంలో ఇంకోచోట సిక్స్టస్‌నీ లారెన్స్‌నీ తండ్రీకొడుకుల్లా మాట్లాడించాడు: ‘కొడుకు లేకుండా ఎక్కడికి నాన్నా? డీకన్ లేకుండా నువ్వు ఏనాడూ బలి అర్పించలేదే.’ మంటల మీద ‘తిప్పండి, తినండి’ అన్న మాటా అక్కడే ఉంది. ఒక పేరా విస్తీర్ణంలో కన్నీళ్లూ, వెటకారమూ రెండూ దొరుకుతాయి. ఉపన్యాసాల్లో ఆంబ్రోస్‌కి ఉన్న పేరు ఊరికే రాలేదు.

ఆయన వెనకే స్పెయిన్ కవి ప్రుడెన్షియస్ వచ్చాడు. 400 ప్రాంతంలో లారెన్స్ మీద 584 పాదాల గీతం రాశాడు. కవి కాకముందు ఆయన పెద్ద ప్రభుత్వోద్యోగి, రాష్ట్రాల పాలన చూసినవాడు. ఆ అనుభవం పద్యంలో నగర అధికారి నోట పలుకుతుంది. అతను కేకలు వేయడు, కళ్లెర్ర చేయడు, చాలా మర్యాదగా మొదలుపెడతాడు. మీ గురువులు బంగారు గిన్నెల్లో అర్పణ చేస్తారట, రాత్రి పూజల్లో కొవ్వొత్తులు బంగారు కుందెల మీద వెలుగుతాయట, భక్తులు పొలాలు అమ్మి పిల్లల్ని పస్తు పెట్టి మీకు తెచ్చి ఇస్తారట. అవి బయటకి తీయండి, సైన్యానికి జీతాలు ఇవ్వాలి. కైసరువి కైసరుకి ఇమ్మని మీ గ్రంథమే కదా చెబుతుంది? మీ దేవుడు నాణేలు ముద్రించినట్టు నేను వినలేదు, ఆయన మాటలే తెచ్చాడు. మీరు మాటలు ఉంచుకోండి, డబ్బు ఇచ్చేయండి. జప్తు నోటీసు పట్టుకొచ్చిన అధికారి వేదవాక్యం వల్లించడం, ఆ వాక్యాన్ని సరిగ్గా తన అవసరానికే వాడుకోవడం ఈ పద్యం మొత్తంలో పదునైన చోటు. మంటల వర్ణన దీనికి సాటి రాదు.

లారెన్స్ కూడా అంతే మర్యాదగా ఒప్పుకుంటాడు. మా సంఘం చాలా ధనవంతురాలు, ప్రపంచంలో ఎవరి దగ్గరా ఇంత లేదు, లెక్క రాసుకోవడానికి కాస్త గడువు ఇవ్వండి అంటాడు. మూడు రోజులు ఊరంతా తిరుగుతాడు. రెండు కళ్లూ లేని ఒకడు కర్ర ఊపుకుంటూ వస్తాడు. మోకాలు విరిగినవాడొకడు, ఒక కాలు పొట్టివాడొకడు, ఒంటినిండా పుండ్లు కారుతున్నవాడొకడు, చెయ్యి ఎండిపోయినవాడొకడు. వీధి వీధినా వెతికి తెస్తాడు. వాళ్లంతా అప్పటికే సంఘం తిండి తింటున్నవాళ్లు, ఈయన ముఖం ఎరిగినవాళ్లు. ఒక్కొక్కరినీ లెక్కపెట్టి, మనిషి మనిషికీ పేరు రాసుకుని, పొడుగాటి వరసలో దేవాలయం ముందు నిలబెడతాడు. పేర్లు రాసుకోవడం అన్న ఆ ఒక్క వివరంలో డీకన్ పని అంతా ఉంది. వీళ్లు గుంపు కాదు, పట్టీలో ఎక్కిన మనుషులు. కన్యలూ విధవలూ ఇంకా విలువైన రత్నాలని చూపించి, నీ ఒంటికి పుండ్లు లేవు గానీ నీ రోగం లోపల ఉంది అని అధికారికే వైద్యం చెబుతాడు. హాస్యం అక్కడితో అయిపోతుంది, అధికారి నెమ్మదిగా కాల్చమంటాడు.

నిజంగా కాల్చారా? సందేహించడానికి గట్టి కారణాలే ఉన్నాయి. ఉత్తర్వు కోరింది తక్షణ మరణం. ఆ రోజుల్లో పోయిన సిక్స్టస్, సిప్రియన్ కత్తికే బలయ్యారు. మంట మాట మొదట తెచ్చినది 366 నుంచి 384 వరకు పోప్‌గా ఉన్న డమాసస్. వేదసాక్షుల సమాధుల మీద పద్యాలు చెక్కించిన ఆయన, లారెన్స్ మీద రాసిన నాలుగు పాదాల్లో దెబ్బలు, తలారులు, మంటలు, హింసలు, సంకెళ్లు అని వరసగా చెప్పి వీటిని గెలిచింది లారెన్స్ విశ్వాసమే అన్నాడు. చువ్వల మంచం ఊసు లేదు. ఇక ‘తిప్పండి’ అన్న మాటకి వేరే యజమానులూ ఉన్నారు. ఐదో శతాబ్దపు చరిత్రకారుడు సోక్రటీస్, జూలియన్ చక్రవర్తి కాలంలో ఫ్రిజియాలోని మేరమ్ ఊళ్లో ముగ్గురు క్రైస్తవులను చువ్వల మీద కాల్చినప్పుడు వాళ్లు దాదాపు ఇదే మాట అధికారితో అన్నారని రాశాడు. 177లో లియోన్ పట్టణంలో ఇనుప కుర్చీ మీద కాలుతూ అట్టాలస్ అనే ఆయన, మనుషుల్ని తినేది మీరే అన్నాడని అంతకుముందే కథనం ఉంది. క్రైస్తవులు నరమాంసం తింటారని ఊళ్లో పుకారు ఉన్న రోజులవి. ఆ పుకారుకి ఎదురు జవాబుగా పుట్టిన చురక ఒక వేదసాక్షి నోటి నుంచి ఇంకొకరి నోటికి మారుతూ వచ్చింది.

తర్వాత కాలంలో రాసిన లారెన్స్ ‘జీవిత చరిత్ర’ అయితే చక్రవర్తిని డెసియస్‌గా మార్చేసి వలేరియన్‌ని అతని కింద అధికారిని చేసింది. డెసియస్ 251లోనే చనిపోయాడు. పదమూడో శతాబ్దంలో పునీతుల కథలు కూర్చిన జాకొపో దె వరాజ్జే కూడా ఈ తేదీలు కుదరడం లేదని తల గోక్కున్నాడు. కాబట్టి ఒక నిర్ణయానికి రావాలంటే ఇలా అనుకోవచ్చు: మరణం, తేదీ, చోటు నిజం. ఆయన డీకన్ అన్నది సంప్రదాయం ఎక్కడా విడవని మాట. ఖజానా కథ చరిత్రగా రుజువు కాదు గానీ కాలానికీ ఉద్యోగానికీ అతికినట్టు సరిపోతుంది. మంచం కథ అంతగా సరిపోదు.

ఇక ఆయన సమాధి సంగతి. తిబుర్తీనా దారిలో వెరానో శ్మశానం దగ్గర కాన్స్టంటైన్ చక్రవర్తి పెద్ద దేవాలయం కట్టించాడని, సమాధి దాకా దిగడానికీ ఎక్కడానికీ మెట్లు వేయించాడని పోప్‌ల పాత చరిత్ర చెబుతుంది. 1950 ప్రాంతంలో తవ్వకాలు జరిపినప్పుడు అక్కడ దాదాపు వంద మీటర్ల పొడవున్న కట్టడం పునాదులు బయటపడ్డాయి. ఆ చరిత్రే ఇంకో మాట కూడా చెబుతుంది: సమాధిని వెండితో మూయించి, చుట్టూ వెయ్యి పౌన్ల మేలిమి వెండితో కటకటాలు పెట్టించాడని. సంఘం వెండి బంగారాలు పేదల పాలు చేశాడని పేరున్న మనిషి చుట్టూ వెయ్యి పౌన్ల వెండి. ఈ వెక్కిరింత ఆనాటివాళ్లకి తట్టిందో లేదో గానీ లారెన్స్ కీర్తిలో ఈ గొడవ మళ్లీ మళ్లీ తలెత్తుతూనే ఉంటుంది.

వేదసాక్షి పక్కన పాతిపెడితే పునరుత్థానం రోజున ఆయన వెంట లేవవచ్చని నమ్మకం పెరిగి, సమాధి చుట్టూ జాగాకి గిరాకీ వచ్చింది. ఐదో శతాబ్దంలో సబీనస్ అనే ప్రధాన డీకన్ అదే దేవాలయంలో తన సమాధి మీద ఘాటుగా రాయించుకున్నాడు: పునీతుల సమాధుల్ని అంటిపెట్టుకోవడం వల్ల లాభం లేదు సరికదా అది బరువు కూడా, మంచి బతుకే వాళ్ల పుణ్యానికి దగ్గర దారి. చాలా కాలం బలిపీఠం దగ్గర ముందు నిలబడ్డ తను ఇప్పుడు ఈ చోటుకి ద్వారపాలకుడిగా ఉండటాన్ని ఎంచుకున్నానని కూడా. లారెన్స్ చేసిన ఉద్యోగమే చేసిన మనిషి లారెన్స్ భక్తి మీద పెట్టిన అభ్యంతరం ఇది. భక్తిలో పడి దారి తప్పుతున్నారని చెప్పడానికి బయటివాళ్లెవరూ రానక్కర్లేదని ఈ రాయి రుజువు.

సమాధి అంటే భయం కూడా ఉండేది. 594లో కాన్స్టాంటినోపుల్ రాణి కాన్స్టంటీనా, పౌలు తల పంపించమని పోప్ గ్రెగొరీని అడిగింది. ఆయన పంపలేనని రాస్తూ లారెన్స్ ఉదంతం చెప్పాడు. తన ముందటి పోప్ పెలాజియస్ కాలంలో సమాధి దగ్గర మరమ్మతులు చేస్తుంటే అసలు చోటు తెలియక తవ్విన పనివాళ్లు సమాధిని పొరపాటున తెరిచారు. శరీరాన్ని చూసిన సన్యాసులూ దేవాలయం పనివాళ్లూ, దాన్ని తాకకపోయినా, పది రోజుల్లో అందరూ చనిపోయారు. కాబట్టి రోమ్‌లో ఎముకలు తీసి ఇవ్వడం ఆనవాయితీ కాదు, సమాధి దగ్గర ఒక గుడ్డ ముక్క ఉంచి దాన్నే పవిత్రంగా పంపుతాం అని ముగించాడు. రాణిగారిని నొప్పించకుండా లేదనడానికి ఇంతకంటే గట్టి సాకు దొరకదు. ఆ కథ నిజమైనా కాకపోయినా, మూడొందల పైచిలుకు ఏళ్లలో ఒక డీకన్ సమాధి రాజకీయంలో ఎంత బరువు తూగిందో ఈ ఉత్తరం చెబుతుంది.

పెలాజియస్ కట్టించిన దేవాలయం ఇప్పటికీ ఉంది, కమాను మీద మొజాయిక్‌లో ఆయన చిన్న గుడి నమూనా చేత్తో పట్టుకుని నిలబడి ఉంటాడు. పదమూడో శతాబ్దంలో పోప్ హోనోరియస్ మూడవవాడు దానికి పడమటి వైపు పొడుగాటి హాలు కలిపి, పాత దేవాలయాన్ని బలిపీఠం ఉన్న భాగంగా మార్చాడు. వేదసాక్షుల్లో మొదటివాడైన స్తెఫాను అవశేషాలు తెచ్చి ఇదే సమాధిలో పెట్టినప్పుడు లారెన్స్ కాస్త పక్కకి జరిగి చోటిచ్చాడని ఒక ముచ్చట రోమ్‌లో చెప్పుకుంటారు. ఇద్దరూ డీకన్లే కదా, సర్దుకున్నారు. 1943 జులై 19న మిత్రదేశాల బాంబులు పడి ఈ దేవాలయం బాగా దెబ్బతింది. ఆ రోజే పోప్ పయస్ పన్నెండవవాడు వాటికన్ దాటి శాన్ లొరెంజో పేటకి వచ్చి జనం మధ్య నిలబడ్డాడు.

రోమ్ దాటాక లారెన్స్ యుద్ధాల పునీతుడు కూడా అయ్యాడు, కేవలం తేదీ వల్ల. 955 ఆగస్టు 10న లెఖ్‌ఫెల్డ్ దగ్గర హంగేరియన్లను ఎదుర్కోబోతూ జర్మనీ రాజు ఒట్టో, గెలిస్తే లారెన్స్ పేరున మెర్సెబర్గ్‌లో బిషప్ పీఠం పెడతానని మొక్కుకున్నాడు, 968లో పెట్టాడు. 1557 ఆగస్టు 10న సెయింట్ క్వెంటిన్ దగ్గర ఫ్రెంచివాళ్లని ఓడించిన స్పెయిన్ రాజు ఫిలిప్ రెండవవాడు 1563 నుంచి 1584 వరకు ఎస్కోరియల్ కట్టించాడు. చతురస్రాల ముంగిళ్లతో ఉన్న ఆ రాజభవనం, మఠం నమూనా లారెన్స్ చువ్వల మంచమేనని అంటారు. అమెరికా ఖండాల నుంచి స్పెయిన్‌కి వెండి ఓడల మీద వచ్చి పడుతున్న రోజులవి. కాన్స్టంటైన్ కటకటాల దగ్గర మొదలైన వెక్కిరింత ఇక్కడ రాజభవనం అంత అయింది. 1535 ఆగస్టు 10న ఫ్రెంచ్ నావికుడు జాక్ కార్టియే ఒక చిన్న అఖాతానికి పెట్టిన పేరు మెల్లగా పాకి కెనడాలోని మహానది పేరైంది. ఆగస్టు రెండో వారంలో రాలే ఉల్కలను ఇటలీ పల్లెల్లో లారెన్స్ కన్నీళ్లంటారు. ఆ ఉల్కల ధూళి స్విఫ్ట్-టటల్ తోకచుక్క వదిలినదని 1860ల్లో ఖగోళ శాస్త్రవేత్త స్కియాపరెల్లి తేల్చాడు. వంటవాళ్లకి ఆయన పాలక పునీతుడు, ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

మన దేశంలో ఈయన పేరు చెబితే ముందు గుర్తొచ్చేది కర్ణాటక కరావళి. ఉడుపి జిల్లా కార్కళ దగ్గరి అత్తూరు దేవాలయానికి 2016లో బసిలికా హోదా వచ్చింది. పండుగ ఆగస్టులోనే అయినా పెద్ద జాతర జరిగేది జనవరిలో. మతం చూడకుండా చుట్టుపక్కల ఊళ్లన్నీ మొక్కులకి వస్తాయి. తెలుగు కతోలిక కుటుంబాల్లోనూ లారెన్స్ మామూలుగా వినిపించే పేరే. రోమన్ పూజలోని పాత కృతజ్ఞతా ప్రార్థనలో అపొస్తలుల తర్వాత వచ్చే వేదసాక్షుల వరసలో సిక్స్టస్, కొర్నేలియస్, సిప్రియన్, ఆ వెంటనే లారెన్స్ ఉంటారు. ఇప్పటి పూజాగ్రంథం ఆ వరసను కుదించి చదవడానికి వీలిచ్చింది కాబట్టి తొందరలో ఉన్న గురువు నోట ఆ పేర్లు వినపడకపోవచ్చు.

ఆగస్టు 10న చదివే పఠనాలు మాత్రం తప్పవు. అగ్నిగుండంలో పడిన ముగ్గురు యువకుల కథ దానియేలు గ్రంథంలో చేతికి అందేంత దూరంలో ఉన్నా, ఆ రోజు మొదటి పఠనం అది కాదు. పౌలు కొరింథీయులకు చందా వసూలు గురించి రాసిన ఉత్తరం: ‘కొంచెముగా విత్తువాడు కొంచెముగా పంటకోయును’ అని మొదలై, దరిద్రులకు వెదజల్లి ఇచ్చినవాడి నీతి నిరంతరం నిలుస్తుందన్న కీర్తన మీదుగా సాగేది. ప్రార్థనలో కూడా మార్పు వచ్చింది. పాత లాటిన్ ప్రార్థన, లారెన్స్‌కి మంటల్ని గెలిచే బలమిచ్చినట్టే మాలోని దుర్గుణాల మంటలు ఆర్పమని అడిగేది. రెండో వాటికన్ మహాసభ తర్వాత 1970లో వచ్చిన పూజాగ్రంథంలో ఆ వాక్యం పోయింది. దాని చోట, దేవుని ప్రేమ వేడిమితో సేవలో నమ్మకంగా, వేదసాక్ష్యంలో మహిమతో వెలిగినవాడు అని వచ్చింది. సేవ ముందు, మరణం తర్వాత. ఆయనదని చెప్పే చువ్వల మంచం మాత్రం రోమ్‌లోని శాన్ లొరెంజో ఇన్ లుచీనా దేవాలయంలో ఇప్పటికీ ఉంది.